అప్పల్రాజుకి పడని గేరు

“తాతా, ఈ గేరు రాడ్డేంటి ఇంత వదులుగా ఉంది? చేతికి ఊడొచ్చేలా ఉంది. ఎప్పట్నుంచి ఇలా ఉంది?”

నువ్వు పుట్టకముందు నుంచి. అలా గుంజకు మౌనీ, అది మీ ఇంటి గేటు గడియ కాదు. ముందు కిందికి దిగు. దిగి ఆ ఫోను లోపల పెట్టు. అందులో ఎవడో గ్లౌజులు తొడుక్కుని వీడియో చేసుంటాడు, పాత కారు గేరు పది నిమిషాల్లో బిగించడం ఎలా అని. ఆ గ్లౌజుకి గ్రీజు అంటిందేమో చూడు. అంటదు. వెనక ఒకడు పని చేస్తాడు, ముందు వీడు మాట్లాడతాడు. ఏంటి, వీడియో కాదా? నా మాటలు రికార్డు చేస్తున్నావా? సరే, చేసుకో. రేపు నేను లేనప్పుడు ఏ రాడ్డు ఎక్కడుందో తెలియకపోతే విందువుగాని. నువ్వు చదివొచ్చిన పాలిటెక్నిక్‌లో ఇవి చెప్పరు. వాళ్ళకి బోర్డు మీద గీసిన గేరుబాక్సు తప్ప ఇంకోటి తెలీదు.

ఈ బండి... ఆగు, విమానం పోనీ. ఎయిర్‌పోర్టు పక్కన ఈ లంబాలైన్‌లో ఇల్లు కట్టుకున్నవాడి జీవితంలో సగం ఇలా ఆగడానికే సరిపోతుంది. ఆఁ, పోయింది. ఏం చెప్తున్నాను? ఈ బండి. గవర్నమెంటు వేలంలో కొన్నాను. పనికిరావని రాసిపారేసిన బండ్లన్నీ వరసగా నిలబెట్టి పాట పెట్టేవారు. పదకొండు బండ్లలో ఇదొక్కటే తన కాళ్ళ మీద నిలబడి ఉంది, మిగతావి ఇటుకల మీద. పాడినవాళ్ళందరూ జీపుల కోసం కొట్టుకున్నారు, అంబాసిడర్ వైపు చూసినవాడు లేడు. ఇప్పుడు చూడు, ఈ దీవికి మెయిన్‌ల్యాండ్ నుంచి హనీమూన్‌కి వచ్చినవాడు ప్రతివాడూ దీని పక్కన నిలబడి ఫొటో దిగుతాడు. ‘వింటేజ్ అంకుల్, వింటేజ్’ అంటాడు. వాడి మొహం. వాడికి స్టీరింగు కింద గేరు రాడ్డు చూపిస్తే వైపరు స్విచ్చనుకున్నాడు.

ఇప్పటివాళ్ళకి గేరంటే రెండు సీట్ల మధ్య ఉండాలి. దీనికి స్టీరింగు పక్కనే ఉంటుంది, అందుకే ముందు సీటు బల్లలా ఒకటే ముక్క. మా అమ్మ ఆ సీటు మీద బాసింపట్టు వేసుక్కూర్చునేది. నడవలేకపోయేది కదా చివర్లో, కారెక్కిస్తే మాత్రం రాణీగారే.

బోనెట్టు తీశావా? కడ్డీ పెట్టు, లేకపోతే నెత్తి మీద పడుతుంది. ఇప్పుడు స్టీరింగు గొట్టం కింద వరకూ చూసుకుంటూ వెళ్ళు. అక్కడ రెండు చేతుల్లాంటివి ఉన్నాయా? వాటి నుంచి రెండు రాడ్లు గేరుబాక్సుకి పోతాయి. ఒకటి ఏ వరసలో గేరు కావాలో ఎంచుతుంది. రెండోది దాన్ని తోస్తుంది. మొదటిది పెళ్ళిచూపులు, రెండోది పెళ్ళి. రెండోది లేకపోతే బ్రహ్మదేవుడొచ్చి కూర్చున్నా గేరు పడదు. ఈ మాట గుర్తుపెట్టుకో, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

ఆ తోసే రాడ్డు చివర కన్నంలో ఒక బుష్షు ఉండాలి, చిన్న ఉంగరంలాంటిది. అది అరిగితే ఇనుము ఇనుముని తింటుంది, కన్నం కోడిగుడ్డులా సాగిపోతుంది. అక్కడ నూలుపోగంత సందు వస్తే ఇక్కడ నీ చేతి దగ్గర బెత్తెడు ఊగుతుంది. లీవరు సూత్రం. నేను వైజాగులో బి.ఎస్సీ. ఫిజిక్సు చదివేనమ్మా, ఊరికే రాలేదు. చదివి ఏం చేశానంటే, ఈ దీవికొచ్చి మా చినమావయ్య ఇనుప సామాన్ల కొట్లో మేకులు తూచేను. అది వేరే సంగతి. కానీ అప్పట్లో మేముండే జంగ్లీఘాట్ వీధిలో డిగ్రీ ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే, ఆ సంగతి నేను ఎవర్నీ మర్చిపోనివ్వలేదు. ముఖ్యంగా మా బామ్మర్దిని. అంటే మీ తాతని.

మీ తాత అప్పల్రాజు ఎనిమిదో క్లాసు తప్పేడు. కానీ స్టీరింగు పట్టుకుంటే, నిజం చెప్పాలి కదా, ఈ పోర్ట్ బ్లెయిర్‌లో అలాంటివాడు లేడు. కాంట్రాక్టరు జీపు తోలేవాడు. వానాకాలంలో బురద ఎత్తుల్లో అందరూ చక్రాల కింద రాళ్ళు వేసుకుంటుంటే, వాడు పాట పాడుకుంటూ ఎక్కించేసేవాడు. అదే నాకు మంట. లీవరు సూత్రం తెలిసినవాణ్ణి నేను, బండి మాట వినేది వాడిది.

అందుకే ఈ గేరు వదులైతే నేను బాధపడలేదు, గర్వపడ్డాను. రాడ్డుని వేలెడు నా వైపు లాగి, మోకాలితో గొట్టాన్ని కింద నుంచి తట్టి, అప్పుడు ఎత్తితే ఫస్టు పడేది. ఆ కిటుకు నాకొక్కడికే తెలుసు. మెకానిక్కులు చూసి, బుష్షు తెప్పించండి సార్, షిప్పులో వారానికి వస్తుంది అనేవారు. ఖరీదెంతనుకున్నావు, సినిమా టిక్కెట్టంత. నేను తెప్పించలేదు. కొట్లో స్లాబుల ఊచలు కట్టే బైండింగు వైరు ఉంది కదా, చుట్టేసి బిగించేను. తాళం చెవి బండిలోనే వదిలేసేవాణ్ణి. ఈ దీవిలో కారు దొంగిలించి ఎవడెక్కడికి పోతాడు, ఏ రోడ్డైనా చివరికి సముద్రం దగ్గర ఆగుతుంది. ఇక్కడ అందరం అలాగే వదిలేసేవాళ్ళం. నేను మాత్రం పైనుంచి ఒక మాట కలిపేవాణ్ణి, ‘చెవి ఇచ్చినా నా బండి ఎవడూ కదపలేడు’ అని. చూడు ఎంత తెలివైన మాటో.

ఇంక ఆ ఆదివారం కథ నీకు తెలిసిందే. నువ్వు మూడేళ్ళ పిల్లవి అప్పటికి, కానీ నా నోట వంద సార్లు విని ఉంటావు. మళ్ళీ చెప్తాను. ఊరికే చెప్పటం లేదులే.

ఆదివారమంటే మటన్. ఆరు దాటగానే గట్టెక్కి కొట్టు దగ్గర లైనులో ఉండాలి, ఆలస్యమైతే కార్జం దొరకదు. నడిచే వెళ్ళేను, బండి ఇంటి ముందే ఉంది. అప్పుడు భూమి ఊగింది. ఊగిందంటే మామూలుగా కాదు, కొక్కేలకి వేలాడదీసిన మేకలు గోడ గడియారంలో లోలకాల్లా ఊగేయి. మనకి భూకంపాలు కొత్తా? నేను నిలబడే ఉన్నాను. నా ముందున్న ఇద్దరూ ఇళ్ళకి పరిగెత్తేరు. నేనొక అడుగు ముందుకి వేసేను. కొట్టు భాయ్ కత్తి కింద పెట్టి, ‘అరే సాబ్, ఘర్ జాయియే’ అన్నాడు, ఇంటికి పొమ్మని. నేను, ముందు కార్జం కొయ్యి భయ్యా అన్నాను. బి.ఎస్సీ. ఫిజిక్సు.

ఇక్కడ మీ తాత ఏం చేశాడంటే, భూమి ఆగగానే వాళ్ళక్క ఎలా ఉందోనని మా ఇంటికి పరిగెత్తుకొచ్చేడు. వాళ్ళక్క, అదే మీ పెద్దమామ్మ, వీధిలో నిలబడి ఉంది, మా అమ్మ లోపల మంచం మీద. అంతలో జెట్టీ వైపు నుంచి కేకలు, ‘పానీ ఆ గయా, పానీ ఆ గయా’ అని. నీళ్ళు పెద్ద కెరటంలా రాలేదు మన దగ్గర, అటు కార్ నికోబార్ దీవి‌లో వచ్చినట్టు కాదు. పాలు పొంగినట్టు పొంగేయి, మురిక్కాలువల్లోంచి, మెట్ల మీంచి. సునామీ అనే మాట అప్పటికి ఎవరికీ తెలీదు. మీ తాత అక్కని గట్టు మీదకి తరిమేసి, మా అమ్మని ఎత్తుకొచ్చి ఈ ముందు సీట్లో కూర్చోబెట్టి, ఇంజను స్టార్టు చేశాడు. గేరు పడలేదు. బండి కదల్లేదు. నీళ్ళు తలుపు సందుల్లోంచి లోపలికొచ్చి సీటు తడిపే దాకా వాడు కూర్చుని ఆ రాడ్డు తిప్పుతూనే ఉన్నాడట. తర్వాత మా అమ్మని వీపు మీద వేసుకుని ఈడ్చుకుంటూ గట్టెక్కేడు. కాలువ రాయి తగిలి మోకాలు చీలిపోయింది. ఇప్పుడు నువ్వు ఆస్పత్రికి తిప్పాలంటున్నది ఆ మోకాలికే కదా.

నేను గట్టు దిగుతూ ఎదురయ్యేను. చేతిలో మటన్ సంచి. మీ తాత గుండెల దాకా తడిసి ఉన్నాడు, ఒక కాలికే చెప్పు ఉంది, వీపు మీద మా అమ్మ. చుట్టూ వీధి వీధంతా ఉంది. నా నోట మొదట వచ్చిన మాట ఏంటో తెలుసా? ‘ఇంటి ముందు కారుండగా మా అమ్మని మూటలా మోసుకొస్తావురా?’

వాడు, “గేరు పడలేదు బావా” అన్నాడు. అంతే.

ఆ అంతేని నేను ఎంత చేశానో. మమ్మల్నందర్నీ గట్టు మీద స్కూల్లో పెట్టేరు. నెల రోజులు ఒకే గదిలో ఆరు కుటుంబాలు. మెయిన్‌ల్యాండ్ నుంచి సాయం వచ్చింది, ఏం సాయమనుకున్నావు, ఉన్ని స్వెట్టర్లు. ఈ ఉక్కలో. పంపినవాడు మ్యాపు చూశాడో లేదో. రోజూ భూమి కదులుతూనే ఉండేది, అందరికీ గుండెల్లో రాయి. నవ్వుకోడానికి ఏదో ఒకటి కావాలి కదా. నేనిచ్చేను. ‘మా అప్పల్రాజు పప్పుగుత్తి తిప్పినట్టు గేరు తిప్పేడు. వాడు కదపలేకపోయేడు, సముద్రమే వచ్చి బండిని అవతలి వీధిలో పార్కు చేసింది’ అనేవాణ్ణి. జనం పడీ పడీ నవ్వేవారు. సముద్రం డ్రైవరు అని పేరు పెట్టేరు. అంటే, పెట్టేరు కాదు. నేనే పెట్టేను.

ఆ పేరు కాంట్రాక్టరు చెవిన పడింది. వాడు మనిషా, గొడుగా? గాలి ఎటుంటే అటు తిరిగేవాడు. ‘ఆపదలో గేరు మర్చిపోయేవాడికి నా జీపెందుకిస్తాను’ అని తాళాలు తీసేసుకున్నాడు. ఇంకెవడూ ఇవ్వలేదు. మీ తాత గరాచర్మలో సిమెంటు గొడౌనుకి కాపలా ఉండి ఇల్లు గడిపేడు. మళ్ళీ స్టీరింగు ముట్టలేదు. నా బండెక్కనూ లేదు, ఇరవై ఏళ్ళు. పెళ్ళిళ్ళకి ఎక్కమంటే, ‘నేను బస్సులో వస్తాలే బావా’ అనేవాడు. నీ పదో పుట్టినరోజున నేను అందరి ముందూ ఆ కథే చెప్పేను. నువ్వూ నవ్వేవు. నీ తప్పు కాదులే, పిల్లవి. వాడు కేకు ప్లేటు పట్టుకుని మెట్ల మీదకి వెళ్ళిపోయేడు.

మా అమ్మ మాత్రం ఇంకో అయిదేళ్ళు బతికింది. నేను కథ మొదలుపెట్టగానే అటు తిరిగి పడుకునేది.

సరే, పని చూడు. ఆ వైరు కటింగు ప్లేయరుతో తెంపెయ్. ఉప్పు తిన్నది, పెళపెళ విరుగుతుంది. రాడ్డు జారింది చూశావా? ఇప్పుడు పైకెళ్ళి గేరు వెయ్యి. వెయ్యి, ఫరవాలేదు. ఎలా ఉంది? గాలిలో గరిటె తిప్పినట్టు ఉందా? అదీ. ఇంక కిందికి రా. ఆ అల్మారా మీద బిస్కెట్ల డబ్బా ఉంది, అందులో బుష్షులున్నాయి, తీసుకురా. కొంచెం పెద్ద సైజుది తియ్యి. రౌండు ఆకురాయితో ఆ కోడిగుడ్డు కన్నాన్ని ముందు గుండ్రంగా చెయ్యాలి.

“తాతా, ఇందులో నాలుగు కొత్త బుష్షులున్నాయి. ప్యాకెట్లు కూడా విప్పలేదు. ఇన్నేళ్ళూ ఎందుకు వెయ్యలేదు?”

మంచి ప్రశ్నే. కూర్చో. ఆ డబ్బా అడుగున ఇంకోటి ఉంటుంది చూడు. తుప్పు పట్టిన తీగ చుట్ట. అది కింద పెట్టకు. చేతిలో ఉంచుకో.

ఆ ఆదివారం ముందు శనివారం సాయంత్రం నేను ఈ బోనెట్టు తీసేను. వైరు అరిగిపోయింది, మార్చాలి. పాతది తెంపేసేను. రాడ్డు ఇందాక నీకు జారినట్టే జారింది. కొత్త వైరు చూస్తే ఇంట్లో లేదు, కొట్లో ఉంది, కొట్టు కట్టేశారు. మీ పెద్దమామ్మ అన్నానికి పిలిచింది. రేపు కడదాంలే అని బోనెట్టు దింపేసేను. తెల్లారి గట్టెక్కుతూ దారిలో మా ఇనుప కొట్టు తీసి మూరెడు వైరు కోసి, చుట్ట చుట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాను. నీ చేతిలో ఉన్నది అదే. ఇంటికి పోయి కట్టేసి రావచ్చు, అయిదు నిమిషాల పని. కార్జం అయిపోతుందని లైనుకి పోయేను. మటన్ ముందు, గేరు తర్వాత.

అర్థమైందా? రెండో రాడ్డు లేదు మౌనీ. మీ తాత ఆ సీట్లో కూర్చుని గేరు వేస్తున్నప్పుడు దానికి కింద ఏమీ లేదు. వాడికే కాదు, నాకు కూడా పడేది కాదు. నా కిటుకు, నా మోకాలు, నా డిగ్రీ, ఏదీ పనికొచ్చేది కాదు. ముసలిదాన్ని పక్కన పెట్టుకుని, నీళ్ళు పొంగుతుంటే, వాడు నా తెలివితక్కువతనాన్ని పట్టుకుని ఊపుతున్నాడు.

వాడికి తెలీదనుకుంటున్నావా? ముప్ఫై ఏళ్ళు బండి తోలినవాడు. రాడ్డు చేతిలో అలా తేలిపోతే కింద లింకు ఊడిందని నీకే తెలిసిపోయిందే ఇప్పుడు, నిమిషంలో. వాడికి తెలియదా. గట్టు మీద ‘గేరు పడలేదు బావా’ అన్నాడని చెప్పేను కదా, అన్నప్పుడు వాడు నా మొహం కేసి చూడలేదు. నా జేబు కేసి చూశాడు. తీగ చుట్ట కొస జేబులోంచి ఇంత బయటికి ఉంది, ఎండలో మెరుస్తూ. చూశాడు, అర్థం చేసుకున్నాడు, చుట్టూ జనాన్ని చూశాడు. ఆ ఒక్క మాట అని ఊరుకున్నాడు. బావ పరువు పోతుందని. నేను ఆ పరువుతో ఇరవై ఏళ్ళు వాడి పరువు తీసేను.

మీ పెద్దమామ్మ ఒక్కసారి అడిగింది, స్కూల్లో ఉన్నప్పుడే. “శనివారం బోనెట్టు తీశారు కదా, మళ్ళీ బిగించేరా?” అని. బండి గురించి నీకేం తెలుసని కసిరేను. మళ్ళీ అడగలేదు. పోయేదాకా అడగలేదు. ఆ అక్కాతమ్ముళ్ళిద్దరికీ నోరు అలాగే ఇచ్చేడు దేవుడు, మూసుకోడానికి. వాళ్ళ వాటా నోరు కూడా నాకే ఇచ్చినట్టున్నాడు.

బుష్షులు ఎందుకు వెయ్యలేదంటావా? నాలుగు సార్లు తెప్పించేను. ప్రతిసారీ బోనెట్టు తీసి, ఆ కన్నం చూసి, మళ్ళీ వైరే చుట్టేను. గేరు బాగైతే కథ పాడవుతుంది. ‘ఈ గేరు నాకు తప్ప ఎవరికీ పడదు’ అని చూపించడానికి అది వదులుగానే ఉండాలి. ఎవడైనా బండెక్కితే ఊపి చూపించేవాణ్ణి, చూశారా, పాపం అప్పల్రాజు, అని. మనిషి అబద్ధాన్ని ఎంత శ్రద్ధగా మెయింటెయిన్ చేస్తాడో చూడు. ఇంజన్ ఆయిలైనా అంత టైముకి మార్చలేదు.

ఆకురాయి పట్టడం అయిందా? కన్నం గుండ్రంగా వచ్చిందా, వేలు పెట్టి చూడు. ఆఁ. బుష్షు పెట్టి సుత్తితో కాదు, చెక్క ముక్క అడ్డం పెట్టి తట్టు. కొంచెం గ్రీజు. ఇప్పుడు రాడ్డు దూర్చి, వాషరు వేసి, పిన్ను పెట్టి దాని కాళ్ళు వంచు. అవతలి రాడ్డుకీ అంతే. బస్. ఇంతే పని. మాట్లాడుకుంటూ చేస్తే గంట. ఇరవై ఏళ్ళు పట్టింది నాకు.

ఎక్కు. క్లచ్చు తొక్కి ఫస్టు వెయ్యి. మోకాలు ఎందుకు ఎత్తుతున్నావు, వద్దు, నా రోగం నీకెందుకు. మామూలుగా వెయ్యి.

విన్నావా, టిక్కుమంది? ఇప్పుడిది ఎవరికైనా పడుతుంది. చిన్నపిల్లాడికైనా, ఎనిమిది తప్పినవాడికైనా, డిగ్రీ ఉన్నవాడికైనా. బండి అలాగుండాలమ్మా. నేనొక్కణ్ణే నడపగలను అన్నవాడి బండి ఎక్కకు, వాడి మాట కూడా నమ్మకు. నీ చేతి కింద ఏ బండైనా ఎవరు ఎక్కినా కదలాలి, అదే నా దీవెన. ఇంతకంటే మంచి దీవెన నా దగ్గర లేదు, ఉన్నదంతా నోటి దురదకి ఖర్చయిపోయింది.

ఇప్పుడేం చెయ్యాలంటే, ఈ బండి తీసుకుని గరాచర్మ వెళ్ళు. మీ తాతని స్టీరింగు ముందు కూర్చోబెట్టు. మోకాలు నొప్పి అంటాడు, క్లచ్చు నువ్వు తొక్కు, బల్ల సీటే కదా, పక్కన జరిగి కూర్చో. గేరు మాత్రం వాడి చేత్తో వెయ్యనీ. వేసేక ఆ తీగ చుట్ట వాడి చేతిలో పెట్టి, ఈ ఫోనులో నేను చెప్పిందంతా...

ఆగు, విమానం.

వద్దులే. ఆ చుట్ట ఇలా ఇయ్యి. జేబులోనే పెట్టుకుంటాను, కొస బయటికి ఉండేలా. అక్కడ చొక్కా ఉంది, అందుకో. నేను వెనక సీట్లో కూర్చుంటాను. దారిలో ఎక్కడా ఆగకు, మటన్ కొట్టు దగ్గర అసలు ఆగకు. ఫోను ఆపెయ్యి తల్లీ. ఇది వాడు ఫోనులో వినేది కాదు. నేనే...